ఋణసంఖ్యలు

హాస్టల్ కిటికీ బయట థర్మామీటర్
మైనస్ ముప్పై ఎనిమిది.
లోపల తొమ్మిదో తరగతిలో
దులమ్‌సురెన్ టీచర్ సంఖ్యారేఖ గీస్తుంటే
సరిగ్గా సున్నా దగ్గర సుద్దముక్క విరిగింది.
"ఇక్కణ్ణించి ఎడమకు నడవండి" అంది.
నడవడం దేనికి, మేం పుట్టిందే అక్కడ.
ఏడాదిలో ఐదు నెలలు
మా బయన్‌ఖొంగోర్ కాపురం
సున్నాకి ఎడమ పక్కనే.

ఆ ఏడు నాకేమీ అర్థం కాలేదు.
బయర్‌మా నోటుబుక్కులో జవాబులు
నా నోటుబుక్కులోకి వలస వచ్చేవి,
మందలాగా, రాత్రిపూట, చప్పుడు చెయ్యకుండా.
"ఎక్స్ అంటే ఎవరు టీచర్?" అనడిగాను ఒకసారి.
ఏమిటి అనాలట. క్లాసంతా నవ్వింది.
ఆవిడ నవ్వలేదు.
"తప్పిపోయిన గొర్రె అనుకో.
కనపడలేదని లేదనకు, అడుగుజాడలు చూడు."

మొదటి పరీక్షలో నలభైకి పదకొండు.
ఒక లెక్క పక్కన ఎర్ర సిరాతో:
జవాబు సరే. ఎలా వచ్చావు ఇక్కడికి?
నాకు ఒళ్లు మండింది.
మా గుడారాల్లో గుమ్మం దాటిన మనిషికి
ముందు ఉప్పు టీ పోస్తారు,
ఎలా వచ్చావన్నది
గిన్నె ఖాళీ అయ్యాక అడుగుతారు.

ఫిబ్రవరిలో నాన్న ఫోను.
సిగ్నల్ కోసం గుట్టెక్కినట్టున్నాడు,
మాటకి మాటకి మధ్య గాలి.
"నాలుగు వందల పన్నెండులో
నూట ముప్పై ఏడు మిగిలాయి."
ఎన్ని పోయాయో చెప్పలేదు.
ఆ తీసివేత నాకు వదిలేశాడు.

రెండులోంచి ఏడు పోదు,
పక్క స్థానంలో అప్పు తేవాలి.
సున్నాలోంచి మూడు పోదు,
మళ్లీ అప్పు.
రెండు వందల డెబ్భై అయిదు.
ఇంత చిన్న లెక్క
మూడుసార్లు చేశాను,
ఒక్కసారైనా తప్పు వస్తుందేమోనని.

ఆ వారమే బోర్డు మీద
ఋణం ఇంటూ ఋణం ధనం అని రాసింది టీచర్.
నాన్నకి చెబితే
ఆ చలికాలంలో మొదటిసారి నవ్వాడు.
"ఈ సంగతి కాస్త
బ్యాంకు మేనేజరుకి చెప్పి రా."

నాకు మాత్రం నవ్వు రాలేదు.
ఎందుకు ధనం? ఎవరు ఇచ్చిన ధనం?
బడి వదిలాక ఉండిపోయాను.
ఆవిడ చెప్పలేదు, అడిగింది:
మూడూ మైనస్ మూడూ కలిస్తే ఎంత?
సున్నా.
దాన్ని మైనస్ రెండుతో గుణిస్తే?
సున్నానే.
అందులో ఒక సగం మైనస్ ఆరు అయితే
రెండో సగం ఏమవ్వాలి?
బొగ్గు పొయ్యి చిటపటలాడింది.
కోటు తొడుక్కుని ఆవిడ వెళ్లిపోయింది.

రాత్రి కిటికీ లోపలి మంచు మీద
గోటితో గీసుకుంటూ పోయాను.
ఆరు. ఆరే అవ్వాలి.
ఇంకేం రాసినా సున్నా విరిగిపోతుంది.
ఎవరో చెప్పారని కాదు, పుస్తకంలో ఉందని కాదు.
తెల్లారేసరికి మంచు మళ్లీ పట్టి
నా గీతలన్నీ పూడిపోయాయి.
చూడకుండా మళ్లీ రాశాను.

దాంతో గొర్రెలు తిరిగి లేవవు,
అది నాకూ తెలుసు.
ఇప్పుడు పదకొండో తరగతి.
సైన్, కొసైన్ ఇవాళ్టికీ
నన్ను చూస్తే దారి తప్పిస్తాయి.
నోటుబుక్కులో మాత్రం ఒక్కో మెట్టూ రాస్తున్నాను,
కొట్టివేసినవి కూడా చెరపకుండా.
బయర్‌మా ఇప్పుడు నా జవాబులు అడిగితే
ఎలా వచ్చాయో కూడా చెబుతాను,
విసుక్కుంటుంది.

మొన్న వసంతం సెలవుల్లో
సాయంత్రం దొడ్డి దగ్గర నాన్న లెక్క
నూట ఎనభై తొమ్మిది. నాది కూడా అంతే.
ఉండాల్సింది నూట ఎనభై ఎనిమిది.
మసక చీకట్లో మళ్లీ లెక్కపెట్టాం,
ఒకళ్లమీద ఒకళ్లం కసురుకుంటూ.
చివరికి దొరికింది,
చెవికి ఎవరి గుర్తో ఉన్న మేకపిల్ల,
వణుకుతూ, గోడ పక్కన.

"ఎలా వచ్చావే ఇక్కడికి?" అన్నాను.

"ముందు పాలు పట్టు" అంది అమ్మ గుడారంలోంచి,
"తర్వాత అడుగుదువు గాని."